పీత ఆగిన చోటు

ఉదయం ఏడున్నరకి మేస్త్రి కొక్కెం తగిలించి మ్యాన్‌హోల్ మూత లేపి పక్కకి దొర్లించాడు. లోపలి నుంచి వేడిగా వాసన లేచింది. దారిన పోయేవాళ్లు ముక్కులు మూసుకుని అడుగు వేగం పెంచారు. మేస్త్రి మాత్రం మోకాళ్ల మీద వంగి, ముఖం గొయ్యి మీదికి పెట్టి ఒకసారి గట్టిగా పీల్చాడు. కింద గాలి ఎలా ఉందో, మనిషిని ఉండనిస్తుందో ఉండనివ్వదో ముక్కుతోనే చెప్పగలడు. ముప్పై ఏళ్లుగా ఆ ముక్కు మీద ఆధారపడే బతికాడు.

"లే నాన్నా. అది చూసుకుంటుంది" అంది కూతురు వ్యాన్‌లోంచి.

వ్యాన్ వెనక తలుపులు రెండూ తెరిచి, చిన్న బల్ల ముందు కూర్చుని ఉందామె. బల్ల మీద తెర ఉంది, గొయ్యిలో విషపు గాలి ఎంతుందో చెప్పే నంబరు దాని మూలన కనబడుతుంది. తెర పక్కన రెండు మీటలు ఉన్నాయి. ఆమె వేసుకున్న నీలం చొక్కా జేబు మీద 'ఆపరేటరు' అని తెల్లదారంతో కుట్టి ఉంది. మిషన్లు వచ్చినప్పుడు ఆఫీసువాళ్లు పాత పనివాళ్ల పిల్లలకే ఆ శిక్షణ ఇచ్చారు. ఇంకో రెండు వారాలు గడిస్తే ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది.

బక్కోడు చక్రం తిప్పుతుంటే ఉక్కుతాడుకి వేలాడుతూ మిషన్ మెల్లగా గొయ్యిలోకి దిగింది. దానికి నాలుగు కాళ్లు, ముందు వైపు ఒక కొండి. కంపెనీవాళ్లు దానికి ఏదో పొడుగాటి పేరు పెట్టారు గానీ, మొదటిరోజు వ్యాన్‌లోంచి దించుతున్నప్పుడే బక్కోడు "ఇది పీత కదన్నా" అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది. ఇంతకుముందు వచ్చిన మోడల్‌కి పైనుంచి ప్రతి కదలికా చెప్పాల్సి వచ్చేది. ఈ పీతకి ఏమీ చెప్పక్కర్లేదు. కాళ్లు గోడకి తన్నిపెట్టుకుని, దీపం వేసుకుని, బురద ఎక్కడుందో తనే చూసుకుని, కొండితో ఎత్తి బకెట్‌లో పోస్తుంది. రాయికీ గుడ్డకీ తేడా దానికి తెలుసు. పైపులోకి పాక్కుంటూ వెళ్లి, వెనక్కి తిరిగి రావడమూ తెలుసు.

"మనకైతే దిగే ముందు ఒక చుక్క పడాలి. దీనికి కరెంటు చాలు. దీని పెళ్లాం అదృష్టవంతురాలు" అన్నాడు బక్కోడు.

అతను మేస్త్రితో పాటు ఇరవై ఏళ్లు దిగినవాడు. ఎంత ఇరుకు పైపులోనైనా పట్టే ఒళ్లని ఆ పేరు వచ్చింది. మేస్త్రి నవ్వాడు. బురద నిండిన బకెట్ పైకి వచ్చింది. ఇద్దరూ పట్టుకుని ట్యాంకరులో వంచారు. ఇప్పుడు వాళ్ల పని అంతే. మూత తీయడం, బకెట్ వంచడం, మూత వేయడం. వ్యాన్ తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. ఇకమీదట మనిషి ఎవరూ లోపలికి దిగకూడదని, దిగితే దించినవాళ్లతో పాటు దిగినవాళ్లూ శిక్షకి పాత్రులేనని అందులో రాసి ఉంది. మేస్త్రి దాన్ని రోజూ చూస్తాడు. చదవడు. అందులో ఏముందో కూతురు ఒకసారి చదివి వినిపించినప్పుడు అతని కళ్లు చెమర్చాయి. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

ఇంట్లో అతని భార్య ముప్పై ఏళ్లు అతని బట్టలు విడిగా ఒక బకెట్‌లో నానబెట్టింది. పీత వచ్చిన వారానికి ఆ బకెట్ బోర్లించి పెట్టి, అతని చొక్కా, కూతురి నీలం చొక్కా ఒకే నీళ్లలో ముంచింది. ఆ రోజు అది ముగ్గురూ గమనించారు.

మంగళవారం వాళ్లని ఆసుపత్రి వెనక సందులోకి పంపారు. అక్కడ నాలుగు పెద్ద పైపులు కలిసే గొయ్యి ఉంది. ఇరవై రెండు అడుగుల లోతు. పాతరోజుల్లో ఆ గొయ్యి పేరు చెబితే పనివాళ్లు ఆ రోజుకి ఒంట్లో బాగాలేదనేవాళ్లు. పీత దిగి, తూర్పు పైపులోకి పాకి, గంటసేపు చక్కగా పని చేసింది. పదకొండు గంటలకి తాడు బిగుసుకుంది. తెర మీద 'దారి వెతుకుతున్నాను' అని వచ్చింది.

కూతురు కాసేపు ఊరుకుంది. అలా రావడం మామూలే. పీత అటూ ఇటూ కదిలి, ఏదో ఒక దారి దొరకబుచ్చుకుని బయటపడుతుంది. కానీ అరగంటైనా ఆ మాట తెర మీద నుంచి పోలేదు. గంటైనా పోలేదు. పైపు నోటి దగ్గర గోడ కొంత కూలి ఇటుకలు పడ్డాయి. పైపులోంచి తిరిగి వస్తున్న పీత వెనక కాలు ఒకటి ఆ ఇటుకలకీ, పాత ఇనుపమెట్టుకీ మధ్య చిక్కుకుంది. దాని చుట్టూ గుడ్డపీలికలు మెలి తిరిగాయి. పీత కాలు లాక్కున్న కొద్దీ పీలికలు బిగిశాయి. బక్కోడు చక్రం రెండు పళ్లు తిప్పి చూశాడు. తాడు మూలిగింది. ఇంకొంచెం లాగితే కాలు విరుగుతుంది, లేదా తాడే తెగుతుంది.

ఫోన్ చేస్తే సూపర్‌వైజరు మోటారు సైకిల్ మీద వచ్చాడు. దిగుతూనే ఆకాశం వైపు చూశాడు. ఉత్తరాన మబ్బు కమ్ముకుని ఉంది. వాన పడితే రెండు గంటల్లో ఆ గొయ్యి నిండుతుంది. క్రేన్ కోసం అడిగితే శుక్రవారం దాకా ఖాళీ లేదన్నారు. గురువారం నాడు వేరే ఊళ్లవాళ్లు పీతని చూడటానికి వస్తున్నారు. ఆ మిషన్ తీసుకున్నట్టు సంతకం పెట్టింది అతనే. ఇవన్నీ అతను ఎవరినీ చూడకుండా, గొయ్యితో చెబుతున్నట్టు చెప్పాడు. మిషన్ పోతే ఆ పూట డ్యూటీలో ఉన్న ఆపరేటరు లైసెన్సు ఆగిపోతుందని కూడా చెప్పాడు. చెప్పి, చెప్పనట్టే జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

మేస్త్రి గొయ్యిలోకి తొంగి చూశాడు.

"దిగమంటారా?" అన్నాడు మేస్త్రి.

"నేను దిగమని చెప్పట్లేదు మేస్త్రీ" అన్నాడు సూపర్‌వైజరు. రుమాలు జేబులో పెట్టుకుంటూ, "దిగొద్దనీ చెప్పట్లేదు" అన్నాడు.

మాస్కు, గాలి కొట్టే మిషను, నడుముకి కట్టుకునే పట్టీ కోసం బక్కోడు స్టోరుకి ఫోన్ చేశాడు. అవన్నీ పోయిన నెలలోనే పాత సామాను కింద తీసేశారట. మనుషులే దిగనప్పుడు మాస్కులెందుకని స్టోరు మనిషి నవ్వాడట. ట్యాంకరు సీటు కింద మాత్రం పాత కొబ్బరితాడు ఒకటి మిగిలింది.

కూతురు వ్యాన్‌లోంచి దిగి వచ్చింది. ఉద్యోగం పోతే పోనీ, తను దిగనివ్వనంది. మళ్లీ అదే మాట అంది, ఈసారి గొంతు తగ్గించి, సూపర్‌వైజరుకి వినబడకుండా. మేస్త్రి చొక్కా విప్పి మడిచి వ్యాన్ మెట్టు మీద పెట్టాడు.

"నువ్వెళ్లి తెర ముందు కూర్చో తల్లీ" అన్నాడు. "ముప్పై ఏళ్లు దిగాను. నేను లోపల ఏమవుతున్నానో పైనున్నవాళ్లకి ఒక్కసారీ కనబడలేదు. ఇవాళ నువ్వు చూస్తుంటావు. గాలి నంబరు పెరిగితే బక్కోడు బాబాయ్‌కి చెప్పు, లాగేస్తాడు."

అతను అప్పటికే తాడు నడుముకి చుట్టుకుంటున్నాడు. ఆ ముడి వేసేటప్పుడు అతని వేళ్లు ఎప్పటిలాగే కదిలాయి. మూడు నెలల విరామం ఆ వేళ్లకి తెలియనట్టే ఉంది.

చుట్టుపక్కల మూతలు రెండు తీసి ముప్పావుగంట గాలి ఆడనిచ్చారు. తర్వాత అతను దిగాడు.

తెర మీద మొదట అతని పాదాలు కనబడ్డాయి. పీత దీపం వెలుగులో అవి తెల్లగా, ఎవరివో అన్నట్టున్నాయి. తర్వాత మోకాళ్లు, నడుము, తాడు కనిపించాయి. తన కంట పడిన ప్రతి వస్తువు చుట్టూ తెర మీద గీత గీసి పేరు రాయడం పీతకి అలవాటు. బురద, ఇటుక, గుడ్డ, ఇనుము. మేస్త్రి పూర్తిగా వెలుగులోకి రాగానే అతని చుట్టూ పసుపుగీత పడింది. గీత మీద 'అడ్డంకి' అని రాసుకుంది. ఒక క్షణం తర్వాత 'కదులుతోంది' అని చేర్చింది. మనిషి అన్న మాట దానికి ఎవరూ నేర్పలేదు. లోపల మనిషి ఉండడు కదా.

అడ్డంకి ఉంటే పీత ఏం చేస్తుందో కూతురికి తెలుసు. కొండితో పట్టుకుని పక్కకి తీస్తుంది. ఆమె నిలుపుదల మీట మీద బొటనవేలు నొక్కిపట్టింది. అది నొక్కి ఉన్నంతసేపే పీత కదలకుండా ఉంటుంది. మొత్తం కరెంటు ఆపేస్తే దీపం పోతుంది, గాలి నంబరూ పోతుంది. అంటే ఆ వేలు తీయకూడదు, ఆ కుర్చీలోంచి లేవకూడదు.

మేస్త్రి నడుము లోతు నీళ్లలో వంగి, ఎడమచేత్తో మెట్టు పట్టుకుని, కుడిచేతిలోని చిన్న కత్తితో పీలికలు కోయసాగాడు. నింపాదిగా కోశాడు. తొందరపడితే ఊపిరి ఎక్కువ కావాలి. అంతపాటి గాలి లోపల లేదు. ఒక ఇటుక తీసి పక్కన పెట్టాడు. రెండోది తీశాడు. దాని కింద చాలాకాలంగా కదలని బురద ఉంది. అది కదిలి బుడగలు లేచాయి. నంబరు ఏడు నుంచి పన్నెండుకి వచ్చింది.

"బాబాయ్, పన్నెండు" అంది కూతురు.

బక్కోడు తాడు ఒకసారి లాగి సైగ చేశాడు. లోపలి నుంచి రెండుసార్లు లాగిన సైగ వచ్చింది. ఇంకొంచెం ఆగమని దానర్థం.

పదిహేడు అయింది. మేస్త్రి తల ఒకసారి గోడకి ఆనించి, మళ్లీ వంగడం తెర మీద కనిపించింది. ఇరవై నాలుగు. ఆమె లాగేయమంది. అయిపోవచ్చింది, ఒక్క నిమిషం అన్నాడు ఆమె వెనక నిలబడి తెర చూస్తున్న సూపర్‌వైజరు. బక్కోడు అతని వైపు చూశాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. లేచి వెళ్లి తాడు తనే పట్టుకోవాలని ఆమె ఒళ్లంతా ముందుకి తూలింది. వేలు మాత్రం మీట మీద నుంచి కదలలేదు. వేలు తీస్తే కొండి లేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఆమెకి రెండూ ఒకే తెర మీద కనబడుతున్నాయి.

"లాగు బాబాయ్" అంది.

బక్కోడు లాగాడు. సరిగ్గా అప్పుడే పీత కాలు చిక్కు విడి బయటికి వచ్చింది. ఏది ముందు జరిగిందో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. మేస్త్రి భుజాలు గొయ్యి అంచుకి రాగానే సూపర్‌వైజరు కూడా వంగి చంకలు పట్టి లాగాడు. అతని తెల్లచొక్కా మీద నల్లటి చారలు పడ్డాయి. మేస్త్రి పక్కకి ఒరిగి వాంతి చేసుకున్నాడు. చాలాసేపు దగ్గాడు. తర్వాత లేచి కూర్చుని, "వచ్చిందా?" అని అడిగాడు. పీత గురించి అడుగుతున్నాడని అర్థమవడానికి బక్కోడికి కొంచెంసేపు పట్టింది.

కూతురు అప్పుడు వేలు తీసింది. అది వంగలేదు. రెండో చేత్తో వంచుకుంది.

ఆఫీసు కుళాయి దగ్గర ఒళ్లు మూడుసార్లు రుద్దుకుని, బక్కోడి లుంగీ కట్టుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాడు. ట్యాంకరు గొట్టం ఊడి మీద పడిందని భార్యకి చెప్పాడు. ఆమె లుంగీ చూసింది, అతని గోళ్లు చూసింది. పెరట్లోకి వెళ్లి బోర్లించిన బకెట్ తిప్పి నీళ్లు పట్టింది. ఆ నీళ్ల చప్పుడు వింటూ తండ్రీ కూతుళ్లు ముందుగదిలో ఒకరినొకరు చూడకుండా కూర్చున్నారు.

బుధవారం పొద్దున కూతురు నివేదిక నింపాలి. మిషన్ చిక్కుకున్న సమయం, లోతు, కారణం నింపింది. 'బయటపడిన తీరు' అన్న చోట మూడు జవాబులున్నాయి. ఒకటి ఎంచుకోవాలి. తనంతట తానే, తాడుతో, క్రేన్‌తో. నాలుగోది రాసేందుకు ఖాళీ లేదు. ఆమె మూడూ మళ్లీ చదివింది. సూపర్‌వైజరు కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. తాడుతో అని పెడితే తాడు పరీక్షకి మిషన్ నెలరోజులు మూలన పడుతుందన్నాడు. మొదటిదే మంచిదన్నాడు. ఇంకో కాగితం మీద అసలు సంగతి రాసిస్తానంది ఆమె. రాయొచ్చు గానీ, ఆ కాగితం మీద మొదట పడేది మీ నాన్న పేరేనన్నాడు. దిగకూడదని తెలిసి దిగాడు కదా.

అతను ఆ మాట బెదిరింపుగా అనలేదు. రాత్రంతా నిద్ర లేనట్టున్నాయి కళ్లు. అతని ఇంట్లోనూ ఎవరో ఎదురుచూస్తుంటారని ఆమెకి అనిపించింది. అలా అనిపించినందుకు కోపమూ వచ్చింది.

పీత చూసినదంతా సాయంత్రం వ్యాన్‌లోంచి ఆఫీసు కంప్యూటరులోకి వెళ్తుంది. అందులో మేస్త్రి కనబడే పదకొండు నిమిషాలు తీసేయమని సూపర్‌వైజరు చెప్పాడు. మధ్యాహ్నం అన్నం దగ్గర ఆమె తండ్రిని అడిగింది. మేస్త్రి ముద్ద కలుపుతూ, తీసేయ్ తల్లీ, దాన్లో చూడ్డానికి ఏముంది, అన్నాడు. ఆమె ఆ పదకొండు నిమిషాలూ ఒకసారి మొదటి నుంచి చివరిదాకా చూసి, తీసేసింది. పాదాలు రాకముందు ఉన్న ఖాళీ గొయ్యినీ, పీత బయటికి వచ్చాక ఉన్న ఖాళీ గొయ్యినీ పక్కపక్కన అతికిస్తే అతుకు కనబడలేదు.

ఆ రాత్రి పడుకోబోయే ముందు మాత్రం ఒకటి అనుకుంది. రేపు వచ్చేవాళ్లలో ఎవరైనా అడిగితే చెప్పేస్తాను. నా అంతట నేను చెప్పను. అడిగితే అబద్ధం ఆడను.

గురువారం పదిమంది వచ్చారు. ఆఫీసు ముందున్న లోతు తక్కువ గొయ్యి కడిగి, చుట్టూ సున్నం గీత గీశారు. పీత దిగింది, తవ్వింది, బకెట్ నింపింది. ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. వచ్చినవాళ్లలో నెరిసిన జుట్టు పెద్దావిడ ఒకామె అందరికంటే వెనక నిలబడి అంతా శ్రద్ధగా చూసింది. తమ ఊళ్లో పోయిన ఏడాది ఇద్దరు మనుషులు ఇలాంటి గొయ్యిలో పోయారని, వాళ్ల ఇళ్లకి తనే వెళ్లి చెప్పాల్సి వచ్చిందని అంది. అందుకే ఈ మిషన్ కావాలని పోరాడుతున్నానంది. తర్వాత వ్యాన్ దగ్గరికి వచ్చి కూతురినే అడిగింది.

"ఇది వచ్చాక మనుషులు దిగాల్సిన అవసరం ఒక్కసారైనా వచ్చిందామ్మా? నాకు నిజం కావాలి. మా వాళ్ల ప్రాణాలతో పని."

సూపర్‌వైజరు చేతిలో నీళ్ల సీసా అలాగే ఉండిపోయింది. కూతురు లేచి నిలబడింది. "ఒకసారి—" అంది.

"ఒకసారి ఇరుక్కుందండి" అన్నాడు మేస్త్రి.

అతను ట్యాంకరు పక్క నుంచి నాలుగడుగులు ముందుకి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. చేతులు ముందు కట్టుకుని, ఆవిడ ముఖంలోకి సూటిగా చూస్తూ చెప్పాడు.

"మంగళవారం నాడు. ఇరవై రెండు అడుగుల గొయ్యిలో. కాలు చిక్కుకుందండి. అదే అటూ ఇటూ కదుపుకుని, దారి చూసుకుని వచ్చేసింది. నేను అక్కడే ఉన్నాను. నా కళ్లతో చూశాను. ముప్పై ఏళ్లు నేనే దిగినవాణ్ణి, నేను చెబుతున్నాను."

పెద్దావిడ అతని చేయి రెండు చేతులతో పట్టుకుంది. మీలాంటివాళ్లు చెబితేనే నమ్మకం అంది. ఎవరో ఫోటో తీశారు. కూతురు తండ్రి ముఖం చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. లేచి నిలబడిన కూతురు మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు తను నోరు తెరిస్తే అబద్ధమాడినవాడు నాన్న అవుతాడు.

వాళ్లు వెళ్లాక, ఎందుకు చెప్పావని ఆమె అడిగింది. మేస్త్రి బకెట్ కడుగుతూ, నీది పర్మనెంటు కావడానికి ఇంకో పది రోజులేగా తల్లీ అన్నాడు. ఆవిడ ఊళ్లో మనుషుల సంగతేమిటంది. అతను కుళాయి కట్టేశాడు. మళ్లీ కుళాయి తిప్పి, కడిగిన బకెట్టే మళ్లీ కడిగాడు.

శుక్రవారం కొత్త ఆర్డరు వచ్చింది. చిక్కుకున్నా తనంతట తానే బయటపడుతుందని తేలింది గనక, ఇకమీదట ఊళ్లోని లోతు గోతులన్నీ పీతకే అప్పగించారు. మొత్తం నలభై ఒకటి. జాబితా వ్యాన్ తలుపుకి, పాత కాగితం పక్కనే అంటించారు. మేస్త్రిని సూపర్‌వైజరు పక్కకి పిలిచి, నువ్వు ఎప్పుడూ ఈ వ్యాన్‌తోనే ఉండు, ఎటూ పోకు అని నోటిమాటగా చెప్పాడు. కాగితం ఏమీ ఇవ్వలేదు.

"నీకు ప్రమోషనన్నా. పీతకి కాలు తీసేవాడు" అన్నాడు బక్కోడు. ఎవరూ నవ్వకపోయేసరికి అతనే కాసేపు నవ్వి మానేశాడు.

శనివారం జాబితాలో మొదటి గొయ్యి దగ్గరికి వెళ్లారు. అది పల్లపు వీధి. వాన లేకపోయినా మురుగు పైకి తన్నుతోంది. ఇళ్ల ముందు మెట్ల మీద నల్లటి తడి మరకలు. గొయ్యికి ఎదురింట్లో ఉండే ఆమె గడప మీద రెండు వరసలు ఇటుకలు పేర్చి, సందుల్లో పాతగుడ్డలు కుక్కింది. పొద్దున లేస్తే మంచం కింద నీళ్లుంటున్నాయని, చంటిదాన్ని బల్ల మీద పడుకోబెడుతున్నానని చెప్పింది. అర్జీలు పెట్టి పెట్టి కాళ్లు అరిగాయట. పీత దిగడం చూడటానికి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గట్టు దాకా వచ్చింది. పని మధ్యలో మేస్త్రికీ బక్కోడికీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు చేతికే ఇచ్చింది.

బకెట్లు పది వచ్చాయి. పన్నెండు వచ్చాయి. పదమూడో బకెట్ సగం నిండి వచ్చాక చక్రం వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. పీత పైకి వస్తోంది. కూతురు తెర మీద 'పని పూర్తయింది' అన్న ఆకుపచ్చ గుర్తు ఉంది.

మేస్త్రి గొయ్యి అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముక్కుతో కాదు, ఈసారి చెవితో విన్నాడు. అడుగు శుభ్రపడిన పైపులో నీళ్లు గలగలా పోతాయి. ఇక్కడ నీళ్లు మెల్లగా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు పోతున్నాయి. పైపు నోటి నుంచి ఇంకా పది పన్నెండు అడుగుల లోపల గట్టిపడిన మేట ఉంది. పీత అక్కడిదాకా వెళ్లలేదు. లేదా కూతురు వెళ్లనివ్వలేదు. పైపు నోటి దగ్గర గోడ పెచ్చులూడి ఇటుకలు బయటపడి ఉండటం పైనుంచే అతనికి కనబడుతోంది.

అతను తలెత్తి వ్యాన్ వైపు చూశాడు. కూతురు నివేదిక నింపుతోంది. తల ఎత్తలేదు. చాలాసేపు ఎత్తలేదు. చూపు తగిలితే ఎక్కడ అడుగుతాడోనని ఎత్తడం లేదని అతనికి అర్థమైంది. ఇంకా నలభై ఉన్నాయి. ప్రతిచోటా ఇటుకలు కనబడగానే ఆమె పీతని ఆపుతుంది. ప్రతిచోటా ఆకుపచ్చ గుర్తు పడుతుంది. అతను మళ్లీ ఎప్పటికీ దిగనక్కర్లేదు.

అతని నోటి దాకా ఏదో వచ్చింది. అది తిట్టో, దీవెనో అతనికే తెలియలేదు. లేచి, మూత దొర్లించుకొచ్చి, కొక్కెంతో సరిచేసి వేశాడు. సగం పని మీద మూత వేయడం అతని బతుకులో అదే మొదటిసారి. బక్కోడు అతని ముఖం ఒకసారి చూసి, గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు.

ఎదురింటామె గడప దగ్గర కూర్చుని ఇటుకల సందుల్లోంచి గుడ్డలు లాగుతోంది. మేస్త్రి రోడ్డు దాటి వెళ్లాడు.

"ఆ ఇటుకలు ఇంకో వారం అలాగే ఉంచమ్మా" అన్నాడు.

ఆమె తలెత్తి నవ్వింది.

"ఎందుకన్నా, మిషనే వచ్చింది కదా" అని, పై వరసలో మొదటి ఇటుక తీసి పక్కన పెట్టింది.